తిరుపతిలో పుస్తకాలు ఎవరు కొంటారండీ? అంగడాయన చెప్పే అపోహలు, వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా తిరుపతిలో పుస్తకాల అంగడి నడుపుతున్నాను. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగి, జవాబు వినగానే ఇంట్లో ఎవరికో బాగాలేదని విన్నట్టు మొహం పెట్టి "ఇంకా నడస్తా ఉండాదా అది?" అంటారు. నడుస్తోంది. గొప్పగా నడవట్లేదు, కానీ దానికి వాళ్లనుకునే కారణం వేరు, నాకు రోజూ కనబడే కారణం వేరు.

అపోహ: ఇప్పుడెవరూ చదవట్లేదు, అందరూ ఫోన్లే చూస్తున్నారు.

ఫోన్లు చూస్తున్న మాట నిజమే. అంగడికి వచ్చే కుర్రాళ్లు సగం మంది ఆ ఫోన్లోనే ఒక అట్ట ఫోటో చూపించి "అన్నా, ఈ బుక్కు ఉండాదా?" అంటారు. ఒకప్పుడు వారపత్రికలో సమీక్ష చేసిన పని ఇప్పుడు అర నిమిషం రీల్ చేస్తోంది. చిక్కల్లా ఏమిటంటే, వాళ్లడిగేది చాలాసార్లు నా దగ్గర ఉండదు. ఎందుకుండదంటే, తెలుగులో చిన్న పబ్లిషర్లు చాలామంది ఇప్పుడు వెయ్యి కాపీలు వేసే సాహసం చెయ్యట్లేదు, ఐదు వందలు వేస్తే ఎక్కువ, అందులో హైదరాబాద్, విజయవాడ పోను, రచయిత స్నేహితులకు పంచిపెట్టుకోగా మిగిలినవి మా దాకా రావాలి. నాకిచ్చే కమీషన్ మూడో వంతు, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకోరు. ధైర్యం చేసి ఐదు కాపీలు ఆర్డర్ పెడితే, ఆ కట్ట విజయవాడ నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చి, నేను బస్టాండుకు పోయి విడిపించుకునేలోపు జనం ఇంకో రీల్ మీదికి పోయుంటారు. చదివేవాళ్లు లేరని ఎవరైనా అంటే నాకు మండేది అందుకే. అడిగి, లేదనిపించుకుని వెనక్కి పోయినవాళ్లను లెక్కపెట్టేదెవరు?

అపోహ: తిరుపతిలో భక్తి పుస్తకాలు తప్ప ఏవీ పోవు.

భక్తి పుస్తకాలు కావలసినవాళ్లు నా దగ్గరికి రానే రారు. టీటీడీ సొంతంగా వేసి, సొంత కౌంటర్లలో తక్కువ ధరకు అమ్ముతుంది. దానితో పోటీ పడలేను, పడాల్సిన పనీ లేదు. నా కరెంటు బిల్లు కట్టేది పోటీ పరీక్షల పుస్తకాలు. 2025లో 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అంగట్లో కాలు పెట్టే చోటు లేక కథల అల్మారా ముందు కూడా మెథడాలజీ పుస్తకాలు నడుము ఎత్తున పేర్చాను.

అయితే ఈ పరీక్షల పిల్లలు వేరే పుస్తకం ముట్టుకోరనేది ఇంకో అపోహ. పాకాల వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ఆ దొంతర మీద నుంచి చెయ్యి చాపి, వెనకున్న మధురాంతకం రాజారాం కథల పుస్తకాన్ని లాగి, నిలబడే ఒక కథ పూర్తిగా చదివేసింది. ఫ్యాను గాలి అందని మూల అది, చెమటలు కారుతున్నాయి. "ఇది సిలబస్‌లో ఉందామ్మా?" అన్నాను. "లేదన్నా, దామలచెరువాయన గదా, మా ఊరి పక్కనే" అంది. ఆయన కథలకు 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని నేను చెప్పబోతే ఆ సంగతి ఆమెకే నాకన్నా బాగా తెలుసు, జీకే బిట్టుగా బట్టీ పట్టిందట. పరీక్ష అయ్యాక వచ్చి కొంటానని పుస్తకం దాచిపెట్టమంది. ఎక్కడికి పోస్టింగ్ వచ్చిందో ఏమో, ఆ పుస్తకం ఇంకా కౌంటరు కింద సొరుగులోనే ఉంది.

అపోహ: కుర్రాళ్లు ఇంగ్లీషు పుస్తకాలే చదువుతారు.

సెల్ఫ్ హెల్ప్ అంటే ఇంగ్లీషు, అవును. కథలూ నవలలూ మాత్రం ఇప్పుడు తెలుగులోనే అడుగుతున్నారు, ముఖ్యంగా అనువాదాలు. జయమోహన్ తమిళంలో 'అఱం' పేరుతో తెచ్చిన కథలు తెలుగులో 'నెమ్మి నీలం' అయి వచ్చాక, తమిళం వింటే అర్థం చేసుకోగలిగినా చదవలేని మన సరిహద్దు జనానికి అదొక పండగ. 2025లో బాను ముష్తాక్ కన్నడ కథల ఇంగ్లీషు అనువాదానికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చిన వారంలో పలమనేరు, కుప్పం నుంచి వరసగా ఫోన్లు. మన పాత చిత్తూరు జిల్లాలో మూడు భాషలు ఒకే ఇంట్లో తిరుగుతుంటాయి, పుస్తకాలు కూడా అలాగే తిరుగుతాయి. చిత్తూరు వాళ్లు ఆసుపత్రి పని మీద వేలూరు పోయి సంచిలో మందులతో పాటు ఒక తమిళ పుస్తకమూ తెచ్చుకుంటారు. ఇక మన రచయిత నామిని సంగతి చెప్పక్కర్లేదు, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు సంక్రాంతికి ఊరికొచ్చి 'మిట్టూరోడి పుస్తకం' అడుగుతారు. మన యాసను అచ్చులో చూసుకుంటే కలిగే ఆనందం అలాంటిది.

అపోహ: ఆన్‌లైన్‌లో ఎప్పుడూ చవకే.

పెద్ద ఇంగ్లీషు పబ్లిషర్ల పుస్తకాలైతే ఒప్పుకుంటాను, ఆన్‌లైన్‌లో అమ్మే ధర నేను కొనే ధర కన్నా తక్కువ. అవి అక్కడే కొనుక్కోండి, నేనేమీ అలగను. తెలుగు పుస్తకం లెక్క వేరు. 150 రూపాయల కథల పుస్తకానికి ఆన్‌లైన్‌లో పోస్టేజీతో కలిపి రెండు వందలు దాటించి కట్టి, అదే పుస్తకం నా దగ్గర 135కి ఉందని చూసి నాలుక కరుచుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొనేముందు ఒక ఫోన్ కొట్టండి, అంతే.

దూరాన ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2024 డిసెంబరులో పోస్టాఫీసులో పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసినప్పుడు మా అందరికీ టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే మా పార్శిళ్లన్నీ దాని మీదే నడిచేవి. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పైన పన్ను. మెల్లగా వస్తుంది, కానీ వస్తుంది. మదనపల్లెలో నలుగురు టీచర్లు కలిసి ఒకే కట్టగా తెప్పించుకుంటారు, తలకు పడే ఖర్చు ఎంతో మీరే లెక్కేసుకోండి.

అపోహ: ఫుట్‌పాత్ మీద అదే పుస్తకం సగం రేటుకు ఇస్తున్నాడు.

అదే పుస్తకం కాదు. డూప్లికేట్. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ల గురించి కాదు నేను చెప్పేది, వాళ్లు నిజంగా పుణ్యాత్ములు, నేనే వాళ్ల దగ్గర కొంటాను. మెరిసే అట్టతో, కవరు కూడా విప్పకుండా సగం ధరకు ఇస్తారే, అవి. ఆ మధ్య ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఇలాంటిదొకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నా దగ్గరికి పట్టుకొచ్చారు. "ఏం నాయనా, ఈ కథ నాకర్థం కావడం లేదు, నా వయసు వల్లనా?" అన్నారు. చూస్తే 96 తర్వాత 113. ఒక ఫారం, అంటే 16 పేజీలు మొత్తం ఎగిరిపోయింది. లోపలి మార్జిన్ ఎంత ఇరుకంటే అక్షరాలు వెన్నులోకి దిగిపోయాయి, విప్పి చూద్దామని కాస్త నొక్కగానే గమ్ టప్పున పగిలి పేజీలు చేతికొచ్చాయి. కాగితం వెలుతురుకు పెడితే అవతలి పేజీ కూడా చదువుకోవచ్చు. పాపం ఆయన రెండు వారాలు ఆ కథతో కుస్తీ పట్టారు.

అపోహ: పాత రచయితలే కదా, పీడీఎఫ్ దించుకుంటే తప్పేముంది?

రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, కాబట్టి 2022 నుంచి ఆయనవి ఎవరైనా వేసుకోవచ్చు, మీరూ నిశ్చింతగా దించుకోవచ్చు. రాజారాం గారు పోయింది 1999లో, అంటే 2059 చివరి దాకా హక్కులు వారి కుటుంబానివే. డబ్బుల్లేవంటారా, లైబ్రరీకి పోండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు దానికోసమే కడుతున్నాం.

అపోహ: పుస్తకాల అంగడాయన రోజంతా కూర్చుని చదువుకుంటాడు.

ఒక కన్నడ నవల అనువాదం ఉగాదికి మొదలుపెట్టాను. మొన్నటిదాకా 62వ పేజీలో కార్గో రసీదు గుర్తుగా పెట్టుకుని కౌంటరు మీదే ఉండింది. నిన్న శ్రీకాళహస్తి నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చి అదే కావాలన్నాడు. ఉన్నది ఒకటే కాపీ. రసీదు తీసేసి, నలిగిందని ఇంకో పది రూపాయలు తగ్గించి ఇచ్చేశాను.