మా ఊరి మ్యూజియం: జనం అనుకునేవి, అసలు సంగతులు

మేం ఆరుగురం కలిసి మా ఊళ్ళో ఒక పాత పెంకుటింట్లో చిన్న మ్యూజియం నడుపుతున్నాం, జీతాలు గీతాలు ఏం లేవు, ఆదివారం తీస్తాం మిగతా రోజులు తాళం. వచ్చినోళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎంత పలుకుద్దండీ?", రెండోది "ఎన్నేళ్ళనాటిది?". ఇది ఎవరిది, దేనికి వాడేవాళ్ళు అని ఎవరైనా అడిగారంటే ఆ రోజు మాకు పండగే. ఎప్పుడూ నోటితో చెప్పేవే, ఈసారి రాసి పెడదామనిపించింది.

అపోహ: పాత నాణెం అంటే లక్షలు

నెలకి ఒకరైనా జేబులోంచి గుడ్డమూట తీసి రాముల వారి పట్టాభిషేకం ఉన్న బిళ్ళ చూపిస్తారు, వెనక ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అని ఉంటుంది. కంపెనీ అలాంటి నాణెం అసలు వేయలేదండీ. అవి గుళ్ళ దగ్గరా తీర్థాల్లోనూ అమ్ముకోడానికి తర్వాత ఎవరో పోసిన బిళ్ళలు. దేవుడి గదిలో పెట్టుకోండి, తప్పులేదు, కానీ దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చేయకండి. నిజమైన కంపెనీ నాణెమైనా అంతే, 1835 నాటి కాణీలు, అదే పావు అణా రాగి నాణేలు, కుప్పలుగా దొరుకుతాయి, ఎక్కువగా దొరికేదానికి ధర ఉండదు కదా. ఇక బియ్యపు గింజల్ని లాక్కునే రైస్ పుల్లింగ్ చెంబు ఉందా అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు, అది పచ్చి మోసం, దయచేసి మా గుమ్మం ఎక్కకండి.

అపోహ: వందేళ్ళు దాటితేనే మ్యూజియంలో పెట్టాలి

ఈ వంద లెక్క 1972 నాటి పురావస్తువుల చట్టం నుంచి వచ్చింది. వందేళ్ళు దాటితే పురావస్తువు, విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. వాటిని దేశం దాటించకూడదు, రాతి విగ్రహాలు లోహ విగ్రహాలు లాంటివి ఇంట్లో ఉంటే రిజిస్టర్ చేయించాలి, ఆ చట్టం గొడవ అదీ. మ్యూజియంలో ఏం పెట్టాలో అది చెప్పదు. మా దగ్గర పిల్లలు ఎక్కువసేపు నిలబడేది ఒక రేడియో లైసెన్సు పుస్తకం దగ్గర. రేడియో వినడానికి ప్రతి ఏడూ పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి స్టాంపు అంటించుకునేవాళ్ళు అంటే నమ్మరు. ఒక బుడ్డోడు "ఓహ్, రీఛార్జా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అపోహ: ఇచ్చేముందు శుభ్రంగా తోమి ఇవ్వాలి

అమ్మా, వద్దు. చింతపండు, పీతాంబరి రెండూ పక్కన పెట్టండి. మన ఇత్తడి బిందెల మీద, మరచెంబుల మీద పేర్లు కొట్టించేవాళ్ళు, పెళ్ళికి ఎవరు పెట్టారో ఏ తేదీనో చుక్కలు చుక్కలుగా ఉంటుంది, యాభై ఏళ్ళు తోమాక ఆ చుక్కలు అరిగిపోతాయి, మనకి కావాల్సింది మెరుపు కాదు ఆ చుక్కలే. మొన్న ఒక గంగాళం వచ్చింది, బంగారంలా మెరుస్తోంది, ఇంటిపేరులో రెండక్షరాలు మిగిలాయి.

తిట్టేముందు నా తప్పు కూడా చెప్పుకోవాలి. మొదట్లో ఒక పాత దస్తావేజు చినిగిపోతోందని నేనే తీసుకెళ్ళి లామినేషన్ చేయించా. ఆ వేడికి, జిగురుకి కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోయింది, ఇక ఊడదీయలేం, లోపల రోజురోజుకీ గోధుమరంగు తిరుగుతోంది. అది ఇప్పటికీ అల్మారాలో ఉంది, కొత్తగా చేరే కుర్రాళ్ళకి మొదట చూపించేది అదే.

అపోహ: తాళపత్రాలంటే నిధి రహస్యాలు

చాలావాటిలో ఉండేది భాగవతం, శతకాలు, జాతకాలు, వైద్యం, ఊరి లెక్కలు. ఇంకో తమాషా, "ఆకులు ఖాళీగా ఉన్నాయండీ, పారేద్దామనుకున్నాం" అని తెస్తారు. ఖాళీ కాదు. గంటంతో, అంటే ఇనుప మొన ఉన్న కలంతో, గీసిన అక్షరానికి సిరా ఉండదు, గీతలోకి మసి రుద్దితేనే కనపడుద్ది, ఆ మసి రాలిపోయిందన్నమాట. నిమ్మగడ్డి నూనెలో మసి కలిపి మెత్తటి గుడ్డతో రుద్దితే అక్షరాలు పైకి తేలతాయి, చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయినా ఇంట్లో ప్రయోగాలు చేయకండి, ఆకు పెళుసుగా ఉంటే పుటుక్కున విరుగుద్ది, చేయి తిరిగినవాళ్ళతోనే చేయించాలి.

అపోహ: ఏదిచ్చినా తీసుకుంటారు

పొలంలో దొరికిన విగ్రహం, కుండలో నాణేలు తెస్తే తీసుకోం. భూమిలో దాచిన సొత్తు పది రూపాయలకి మించి విలువ చేస్తే కలెక్టరుకి చెప్పాలి, 1878 నాటి చట్టం అది, పది రూపాయలు అన్నమాట కూడా అప్పటిదే. గుప్తనిధుల పిచ్చితో నందుల్ని, వీరగల్లుల్ని (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళని) పగలగొట్టే బ్యాచీలు ఉన్నాయి కాబట్టి ఈ విషయంలో మేం మొహమాటపడం. నోటిమాట మీద ఇచ్చేవీ తీసుకోం, సంతకం పెట్టిన కాగితం కావాలి, లేకపోతే పెద్దాయన ఇచ్చిన భోషాణాన్ని ఆయన మనవడు వచ్చి అడుగుతాడు, అడిగాడు కూడా.

అపోహ: వస్తువులు పోగేయడమే పని

అసలు పని రిజిస్టరు రాయడం. నంబరు, ఎవరిచ్చారు, ఏ ఇంటిది, దేనికి వాడారు. మాకు గింజలు కొలిచే కుంచాలు మూడు ఉన్నాయి, పుస్తకం లెక్కకి కుంచం అంటే నాలుగు మానికలు, అంటే ఎనిమిది తవ్వలు లేదా పదహారు సోలలు, కానీ మా మూడూ ఒక కొలత కావు. ఒకటి ఫలానా ఆసామి కూలి గింజలు కొలిచిందని రాసుంది కాబట్టి దాని దగ్గర అరగంట మాట్లాడొచ్చు. రెండోది ఎవరిదో రాయలేదు, తెచ్చినాయన పోయాడు, ఇక అది ఉత్త డబ్బా. మూడోదాని చీటీ ఎలక కొట్టేసింది.

వేటపాలెం సారస్వత నికేతనం చూశారా? 1918లో ఆ ఊరి కుర్రాళ్ళు మొదలుపెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చినప్పుడు విరిగిన చేతికర్ర అక్కడ దాచారు. ఎవరిదో, ఎప్పుడు విరిగిందో తెలియకపోతే అది పొయ్యిలోకి పోయేది.

అపోహ: వాలంటీర్లు కాబట్టి ఖర్చుండదు

కరెంటు బిల్లు, చెదల మందు, వానాకాలం ముందు పెంకులు సర్దించే కూలీ. ఎవరిస్తారు? మేమే. టిక్కెట్టు పెడదామని ఒకసారి అనుకున్నాం, పదిరూపాయలకే బడిపిల్లలు రావడం మానేశారు, తీసేశాం. ఇప్పుడు గుమ్మం దగ్గర డబ్బా ఉంది, అందులో పడే చిల్లరలో కొన్ని చెల్లని పాత పైసలు కూడా ఉంటున్నాయి, వాటినీ రిజిస్టర్లో రాస్తున్నాం, ఇచ్చినవారి పేరు దగ్గర "డబ్బా" అని.