టెన్షన్ అనుకున్నది టెన్షన్ కాకపోతే

ఇంటర్‌లో చేరిన పిల్లవాడు రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటున్నాడు. స్నేహితులు వస్తే గదిలోంచి బయటికి రాడు. స్నానం చేయమని నాలుగుసార్లు చెప్పాలి. మార్కులు పడిపోయాయి. ఇంట్లోవాళ్లు పరీక్షల టెన్షన్ అనుకుంటారు, లేదంటే ఫోన్ పిచ్చి అనుకుంటారు. చాలాసార్లు వాళ్లు అనుకున్నదే నిజం కూడా. లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు పుట్టడం లాంటివి తెచ్చే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుతో చిక్కంతా ఇక్కడే. చెవిలో మాటలు వినబడటానికి ఎన్నో నెలల ముందే అది తరచూ ఇలా, ఏ ఇంట్లోనైనా కనిపించే తీరులో మొదలవుతుంది.

ఒక్కో లక్షణాన్ని పట్టుకుని కూర్చుంటే తేలదు. నిరుడు చూసిన పిల్లవాడికీ ఇప్పటివాడికీ పోలిక ఉందా అన్నది చూడాలి. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేయడం, ఎవరూ లేనిచోట జవాబులు చెప్పడం మొదలైతే ఇక ఆగకూడదు. తాయెత్తు కడితే కట్టండి, కానీ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. గంజాయి, మూర్ఛ, తీవ్రమైన డిప్రెషన్ వల్ల కూడా ఇలాంటివి రావచ్చు, తేల్చాల్సింది డాక్టరే. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మరి మందులో? పెద్దవాళ్ల మీద పరీక్షించినవే చాలాకాలం పిల్లలకూ ఇస్తూ వచ్చారు. అమెరికాలో జరిగిన టియోస్ అధ్యయనం ఆ లెక్క సరిచూసింది. ఈ తరహా జబ్బున్న 8 నుంచి 19 ఏళ్ల లోపు 119 మందికి మోలిండోన్ అనే పాత మందో, కొత్తవైన ఒలాంజపిన్, రిస్పెరిడోన్‌లలో ఒకటో చీటీలు తీసినట్టు కేటాయించారు. కొత్తవే మేలని అప్పట్లో గట్టి నమ్మకం. 2008లో ఫలితాలు వచ్చాయి. ఎనిమిది వారాల్లో పాతదాన్ని మించి అవి పనిచేసిన దాఖలా లేదు. ఒలాంజపిన్ వాడినవాళ్లు మాత్రం సగటున 6 కిలోలు పెరిగారు. భద్రతను కనిపెట్టే కమిటీ ఆ మందుకు కొత్తవాళ్లను కేటాయించడం మధ్యలోనే ఆపించింది. (ఇది చదివి ఎవరూ వాడుతున్న మందు సొంతంగా మానేయకండి.)

ఇలాంటి మందుల అధ్యయనంలో పిల్లవాడిని చేర్చమని అడిగితే "మావాడి మీద ప్రయోగాలా?" అని తల్లి ఉలిక్కిపడటం సహజం. 2009-10లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మీద అధ్యయనం జరిగినప్పుడు చాలామంది అమ్మాయిల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అది తెలిశాక ఆ భయాన్ని ఎలా తప్పుపడతాం? ఇప్పటి నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల సంతకంతోపాటు టీనేజీ పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. అధ్యయనం నుంచి మధ్యలో తప్పుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు. మిమ్మల్ని చేరమన్న అధ్యయనం సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో ఇలాంటి పరీక్షలను నమోదు చేసే ప్రభుత్వ జాబితాలో, ఉందో లేదో చూసుకోండి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఉందా, జబ్బు ముదిరితే ఏం చేస్తారు, వెళ్లిన ప్రతిసారీ బరువు చూస్తారా అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట సంతకం పెట్టకండి.