టైమ్‌లైన్ ఆగిపోతే తప్పు డిస్క్‌దేనా? అపోహలు - వాస్తవాలు

సొంతంగా విడిభాగాలు తెచ్చి బిగించుకున్న ఎడిటింగ్ పీసీలో వీడియో ఆగి ఆగి ఆడితే అందరి అనుమానమూ ముందు డిస్క్ మీదికే పోతుంది. కొన్నిసార్లు నిజంగా డిస్కే కారణం. కానీ అప్పుడు కూడా డిస్క్ పాడవడం తక్కువ. దాన్ని ఏ స్లాట్‌లో పెట్టారు, ఏ కేబుల్ తగిలించారు, ఒకేసారి దాని నెత్తిన ఎన్ని పనులు వేశారు అన్నవాటివల్లే ఎక్కువ ఇబ్బంది వస్తుంది. ఇవన్నీ కొత్త డ్రైవ్ కొనకముందే, ఖర్చేమీ లేకుండా చూసుకోగలిగినవి. కింద చెప్పే మెనూలు విండోస్‌వి. లెక్కలు మాత్రం ఏ సిస్టమ్‌కైనా ఒకటే.

అపోహ: 4కే వీడియో ఆగుతోందంటే డిస్క్ వేగం చాలడం లేదు.

వాస్తవం: ముందు లెక్క వేయాలి. కెమెరా మెనూలో కనిపించే 100 ఎంబీపీఎస్ అన్నది మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ. మామూలు 7200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) హార్డ్ డిస్క్ వరసగా చదివేటప్పుడు సెకనుకు 150 నుంచి 250 ఎంబీ దాకా ఇస్తుంది. ఒక్క హెచ్.264 (వీడియోను కుదించి దాచే పద్ధతి) క్లిప్ ఆడించడం దానికి లెక్కలోది కాదు.

మరి ఎందుకు ఆగుతుంది? హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు. ముందూ వెనకా ఉన్న ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో మాత్రమే వాటిలో ఉంటుంది. టైమ్‌లైన్‌లో మధ్యలో ఎక్కడ నొక్కినా, సాఫ్ట్‌వేర్ అంతకు ముందున్న పూర్తి ఫ్రేము దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచి విప్పుకుంటూ రావాలి. పైగా ఎక్కువ రంగు వివరాలు దాచే 10 బిట్ 4:2:2 రికార్డింగ్‌ను చాలా గ్రాఫిక్స్ కార్డులు హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. డిస్క్‌ను మార్చినా ఇందులో తేడా రాదు.

తేల్చుకోవడం తేలిక. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి పెట్టి, ఆగుతున్న చోటే ప్లే చేయండి. ప్రాసెసర్ 90 శాతం దాటి, డిస్క్ 5 శాతం దగ్గర ఉంటే సమస్య డీకోడింగ్‌ది. ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోండి. డిస్క్ 100 శాతానికి అంటుకుపోయి ప్రాసెసర్ ఖాళీగా ఉంటేనే డిస్క్ సంగతి చూడాలి.

ఒక జాగ్రత్త. ప్రాసెసర్ భారం తగ్గించడానికి క్లిప్పులను ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే, తక్కువ కుదించే ఫార్మాట్‌కి మారిస్తే భారం డిస్క్ వైపు జరుగుతుంది. 3840x2160 సైజులో, 30 ఫ్రేములకు అది సెకనుకు దాదాపు 884 మెగాబిట్లు, అంటే 110 ఎంబీ. నాలుగు కెమెరాల మల్టీక్యామ్ పెడితే 440 ఎంబీ. హార్డ్ డిస్క్ అక్కడ చేతులెత్తేస్తుంది, సాటా (పాత తరహా కనెక్షన్) ఎస్‌ఎస్‌డీకి కూడా అది అంచు. కంప్రెషన్ లేని 10 బిట్ డీపీఎక్స్ (ప్రతి ఫ్రేమునూ విడి బొమ్మ ఫైలుగా దాచే ఫార్మాట్) ఫ్రేములైతే 4096x2160లో ఒక్కొక్కటి 35 ఎంబీ పైచిలుకు, 24 ఫ్రేములకు సెకనుకు 850 ఎంబీ. సాటా ఎస్‌ఎస్‌డీ ఇచ్చే గరిష్ఠం సుమారు 550 కాబట్టి దీనికి ఎన్వీఎంఈ (మదర్‌బోర్డు మీది పీసీఐఈ దారిలో నడిచే, సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ) తప్ప దారి లేదు. మీ ఫుటేజ్ ఏమిటో తెలియకుండా ఎంత వేగం చాలుతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోందంటే అది పూర్తి వేగంతో పనిచేస్తోంది.

వాస్తవం: ఆ శాతం వేగానిది కాదు, తీరిక లేని సమయానిది. 100 శాతం దగ్గర సెకనుకు 1 ఎంబీ మాత్రమే కదులుతూ ఉండొచ్చు. ఎలాగంటే, 7200 ఆర్‌పీఎం డిస్క్‌లో హెడ్ (తిరిగే పళ్లెం మీద డేటా చదివే, రాసే భాగం) సరైన ట్రాక్‌కు చేరడానికి సగటున 8, 9 మిల్లీసెకన్లు, కావలసిన చోటు దాని కిందికి తిరిగి రావడానికి సగటున మరో 4.17 మిల్లీసెకన్లు పడుతుంది. రెండూ కలిపి సుమారు 13. అంటే చెల్లాచెదురుగా ఉన్న డేటాను సెకనుకు 75, 80 సార్లకు మించి అందుకోలేదు. ఒక్కోసారి 4 కేబీ తెచ్చుకుంటే మొత్తం సెకనుకు 0.3 ఎంబీ! డిస్క్ పాపం ఊపిరి సలపకుండా పనిచేస్తూనే ఉంటుంది, మన చేతికి మాత్రం ఏమీ రాదు.

ఎడిటింగ్‌లో ఇలాంటి చిన్న చిన్న చదవడాలకు పుట్టిల్లు మీడియా క్యాష్ ఫోల్డర్: వేవ్‌ఫామ్ ఫైళ్లు, థంబ్‌నెయిళ్లు, ఇండెక్స్ ఫైళ్లు. హార్డ్ డిస్క్ మీద ఫుటేజ్ ఉన్నా సర్దుకోవచ్చు గానీ క్యాష్ ఉంచడం పొరపాటు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్ కింద మీడియా క్యాష్‌లోనూ, డావించీ రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, మాస్టర్ సెట్టింగ్స్, వర్కింగ్ ఫోల్డర్స్‌లోనూ దాని చోటు మార్చుకోవచ్చు. చిన్న ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే దాన్ని ముందుగా ఇవ్వాల్సింది దీనికే.

దోషి ఎవరో తెలియాలంటే రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబ్ తెరిచి, టోటల్ కాలమ్ మీద నొక్కి వరస పెట్టండి. చాలాసార్లు పైన కనిపించేది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కాదు, ప్రతి క్యాష్ ఫైలునూ తెరిచి పరీక్షించే యాంటీవైరస్, లేదా సెర్చ్ ఇండెక్సింగ్, లేదా ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను క్లౌడ్‌కి ఎక్కించే ప్రోగ్రాం. క్యాష్ ఫోల్డర్‌ను ఈ మూడింటి నుంచీ మినహాయించండి. అదే చోట రెస్పాన్స్ టైమ్ కాలమ్ ఉంటుంది. బాగా పని పడినప్పుడు హార్డ్ డిస్క్‌కు 10 నుంచి 30 మిల్లీసెకన్లు సహజం. పెద్ద పనేమీ లేనప్పుడు కూడా అది వందల్లో, వేలల్లో ఉంటే డిస్క్ ఆరోగ్యం చూడాలి.

వరస పెడితే పైన పేజ్‌ఫైల్ కనిపిస్తే సంగతి వేరు. ర్యామ్ నిండిపోయి సిస్టమ్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటోందని అర్థం. అక్కడ కావలసింది కొత్త డిస్క్ కాదు, ర్యామ్.

అపోహ: సిస్టమ్ సీ డ్రైవ్‌లో, ఫుటేజ్ డీ డ్రైవ్‌లో, క్యాష్ ఈ డ్రైవ్‌లో వేశాం. పని పంచినట్టే.

వాస్తవం: ఆ మూడూ ఒకే హార్డ్ డిస్క్‌లోని పార్టిషన్లయితే పంచినట్టు కాదు, ఇంకా చెడగొట్టినట్టు. హెడ్లన్నీ కలిసి ఒకే కడ్డీ మీద కదులుతాయి. సిస్టమ్ ఫైలు కోసం అంచుకు, ఫుటేజ్ కోసం మధ్యకు, క్యాష్ కోసం లోపలికి పరుగెత్తడంలోనే కాలం పోతుంది. పైగా మొదట చేసిన పార్టిషన్‌కు పళ్లెం బయటి ట్రాకులు దక్కుతాయి. లోపలి ట్రాకుల్లో ఒక చుట్టుకు పట్టే డేటా తక్కువ కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. క్యాష్ పెట్టుకున్న చివరి పార్టిషనే అన్నిటికంటే నెమ్మదైనదన్న మాట. నిండిన హార్డ్ డిస్క్ మందగించడానికీ ఇదే కారణం. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డిస్క్ 0, డిస్క్ 1 అని వేర్వేరు వరసల్లో ఏది దేని మీద ఉందో కనిపిస్తుంది.

అపోహ: డబ్బా మీద సెకనుకు 7000 ఎంబీ అని ఉంది కాబట్టి ఎన్వీఎంఈ డ్రైవ్ ఎక్కడ పెట్టినా అంత వస్తుంది.

వాస్తవం: అది పీసీఐఈ 4.0 స్లాట్‌లో, నాలుగు లేన్లూ (డేటా వెళ్లే దారులు) దొరికినప్పటి అంకె. 3.0 స్లాట్‌లో పెడితే 3500 దగ్గర ఆగుతుంది. మదర్‌బోర్డు మీది రెండో, మూడో ఎం.2 స్లాట్‌కు (సన్నని ఎస్‌ఎస్‌డీని బిగించే చోటు) రెండు లేన్లే ఉంటే ఇంకా సగం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న గడి చూడండి: ఎడమవైపు ఇప్పుడున్న లింకు, కుడివైపు డ్రైవ్ సామర్థ్యం. రెండూ వేరైతే స్లాట్ మార్చాలి, లేదా బయోస్‌లో ఆ స్లాట్ సెట్టింగ్ సరిచూడాలి.

మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఎం.2 పేజీ చదవకుండా అసెంబుల్ చేయొద్దని గట్టిగా చెబుతాం. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ నింపితే రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కొన్నిటిలో గ్రాఫిక్స్ కార్డుకు లేన్లు సగమవుతాయి. చిప్‌సెట్ ద్వారా వెళ్లే స్లాట్లన్నీ, సాటా, యూఎస్‌బీలతో కలిసి, ప్రాసెసర్‌కు చేరే ఒకే దారిని పంచుకుంటాయి. ఎక్కువ వేగం కావలసిన డ్రైవ్‌ను ప్రాసెసర్‌కు నేరుగా కలిసే స్లాట్‌లోనే పెట్టాలి. ఆకారం ఎం.2 అయినా లోపల సాటా డ్రైవ్ కావచ్చన్నది మరొక తిరకాసు. అప్పుడు 550 దాటదు.

వేడి సంగతీ ఇక్కడే. ఎన్వీఎంఈ కంట్రోలర్లు డ్రైవ్‌ను బట్టి 70 నుంచి 85 డిగ్రీల మధ్య తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. వేగం పడిపోయి, కాసేపటికి లేచి, మళ్లీ పడిపోతుంటే ఉష్ణోగ్రత చూడండి. ప్రాసెసర్‌కు దగ్గరి ఎం.2 స్లాట్ సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు పక్కనే ఉంటుంది, దాని వేడంతా దీనికి తగులుతుంది. హీట్‌సింక్ బిగించేటప్పుడు థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోతారు. కొత్తగా బిగించిన పీసీలో ముందు విప్పి చూడాల్సింది అదే.

అపోహ: కాపీ మొదట్లో జోరుగా వెళ్లి తర్వాత కుంగిపోతే డ్రైవ్ చెడిపోయినట్టే.

వాస్తవం: చాలా డ్రైవ్‌లు తయారైన తీరే అది. టీఎల్‌సీ ఎస్‌ఎస్‌డీ ఒక్కో సెల్‌లో మూడు బిట్లు, క్యూఎల్‌సీ నాలుగు బిట్లు రాస్తుంది. అలా రాయడం నెమ్మది. అందుకని ఖాళీ సెల్స్‌లో ముందు ఒక్కో బిట్ చొప్పున వేగంగా రాసేసి, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. దీన్నే ఎస్‌ఎల్‌సీ క్యాష్ అంటారు. అది నిండగానే అసలు వేగం బయటపడుతుంది. కొన్ని క్యూఎల్‌సీ డ్రైవ్‌లు అప్పుడు సెకనుకు 80 నుంచి 160 ఎంబీకి, అంటే హార్డ్ డిస్క్ స్థాయికి, దిగిపోతాయి.

ఈ క్యాష్ ఖాళీ చోటులోంచే వస్తుంది కాబట్టి డ్రైవ్ నిండేకొద్దీ చిన్నదవుతుంది. క్యూఎల్‌సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉంటే క్యాష్ మహా అయితే 50 జీబీ. 256 జీబీ మెమరీ కార్డు దాని మీదికి దించితే ఐదో వంతు దాటకముందే మందగిస్తుంది. చదివే వేగానికి ఈ ఇబ్బంది పెద్దగా లేదు. కాబట్టి క్యూఎల్‌సీ డ్రైవ్ మీద పాత ఫుటేజ్, స్టాక్ క్లిప్పులు ఉంచుకోవచ్చు. కార్డులు దించడానికి, మీడియా క్యాష్‌కు, రెండర్లకు టీఎల్‌సీ తీసుకుని, 15, 20 శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

బెంచ్‌మార్క్ దీన్ని పట్టుకోదు. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ మామూలుగా 1 జీబీతో పరీక్షిస్తుంది. అది ఎస్‌ఎల్‌సీ క్యాష్‌లోనే ఇమిడిపోతుంది. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: అంతకంటే వేగమైన మరో డ్రైవ్ నుంచి 150, 200 జీబీ వీడియో ఫోల్డర్ కాపీ చేసి గ్రాఫ్ చివరిదాకా చూడడం. మొదటి కొన్ని సెకన్లు లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడు డేటా ర్యామ్‌లోకే వెళుతూ ఉంటుంది.

హార్డ్ డిస్కుల్లో ఇలాంటిదే ఎస్‌ఎంఆర్. ట్రాకులను ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కాస్త కప్పేలా రాస్తారు. ఒక ట్రాకు మార్చాలంటే దాన్ని ఆనుకున్న ట్రాకులన్నీ తిరగరాయాలి. ఎక్కువసేపు ఆగకుండా రాస్తే వేగం కొన్ని పదుల ఎంబీలకు పడిపోతుంది. 2020లో కొన్ని నాస్ (నెట్‌వర్క్‌లో పంచుకునే స్టోరేజ్) డ్రైవ్‌లలో కూడా ఎస్‌ఎంఆర్ వాడుతూ ఆ సంగతి చెప్పకుండా అమ్మినట్టు బయటపడింది. డేటాషీట్‌లో సీఎంఆర్ (ట్రాకులు ఒకదాన్నొకటి కప్పకుండా రాసే పద్ధతి) అని స్పష్టంగా లేని మోడల్‌ను ఎడిటింగ్‌కు కొనొద్దు. బ్యాకప్‌కు ఎస్‌ఎంఆర్ పనికొస్తుంది.

అపోహ: కేబుల్ తగిలించాక డ్రైవ్ కనిపిస్తోంది కదా, కేబుల్ మంచిదే.

వాస్తవం: సాటా కేబుల్ వదులైతే డేటా తప్పుగా చేరుతుంది, తప్పు గుర్తించి మళ్లీ పంపుతారు. పని జరుగుతుంది గానీ మధ్యమధ్యలో బిగుసుకుపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కనిపించే స్మార్ట్ వివరాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) సీ7 నంబరు, అంటే సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, చూడండి. ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు కాబట్టి ఈ రోజు ఎంత ఉందో రాసుకుని, వారం వాడి మళ్లీ చూడాలి. పెరిగితే కేబుల్, పోర్టు మార్చండి. చెడిన చోట్ల లెక్కలైన 05, సీ5, సీ6 పెరుగుతుంటే మాత్రం అది పళ్లెం జబ్బు. ముందు డేటా బయటికి తీసుకోండి. చెక్‌డిస్క్ లాంటి మరమ్మతు ప్రోగ్రాములు కాపీ పూర్తయ్యాకే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ చేత అంతా మళ్లీ చదివిస్తే మిగిలినదీ పోవచ్చు.

యూఎస్‌బీ డ్రైవ్‌లు, కార్డు రీడర్లు సెకనుకు 35, 40 ఎంబీ దగ్గరే కదలకుండా ఉంటే అవి యూఎస్‌బీ 2.0లో కలిశాయని అర్థం. కేబుల్ మార్చి, క్యాబినెట్ ముందు పోర్టు వదిలి మదర్‌బోర్డు వెనక పోర్టులో పెట్టి చూడండి.

చాలాసేపు ముట్టుకోని క్లిప్ దగ్గరికి వెళ్లగానే పది సెకన్లు అంతా ఆగిపోయి, తర్వాత మామూలుగా నడిస్తే అది ఎర్రర్ కాదు, నిద్ర. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్ అన్నచోట 0 పెట్టండి.

అపోహ: నెలకోసారి డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చడం) చేస్తే ఎస్‌ఎస్‌డీ కూడా చురుకవుతుంది.

వాస్తవం: ఎస్‌ఎస్‌డీలో హెడ్ లేదు, దూరమూ లేదు. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఎస్‌ఎస్‌డీని గుర్తిస్తే ట్రిమ్ (ఏ చోటు ఖాళీ అయిందో డ్రైవ్‌కు చెప్పే ఆదేశం) పంపుతుంది, అది వారానికోసారి నడిస్తే చాలు. అక్కడ మీడియా టైప్ కింద సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూసుకోండి.

అపోహ: రెండు డిస్కులు రెయిడ్ 0లో (ఫైలును ముక్కలుగా రెండింటికీ పంచే పద్ధతి) కలిపితే అన్నీ రెట్టింపు వేగం.

వాస్తవం: పెద్ద ఫైళ్లు వరసగా చదవడం దాదాపు రెట్టింపవుతుంది. ఒక్కో చిన్న ఫైలును అందుకోవడానికి పట్టే సమయం మాత్రం తగ్గదు, ఎందుకంటే హెడ్ కదిలే కాలం అలాగే ఉంటుంది. ఏ ఒక్కటి పోయినా రెండింటిలోనిదీ పోతుంది. మూడో చోట కాపీ లేని ఫుటేజ్‌ను రెయిడ్ 0 మీద పెట్టకండి.

అపోహ: వేగమైన డిస్క్ వేస్తే ఎక్స్‌పోర్ట్ త్వరగా అవుతుంది.

వాస్తవం: 50 మెగాబిట్ల ఫైలు రాయాలంటే ఒక సెకను వీడియోకు 6 ఎంబీ చాలు. ఎక్స్‌పోర్ట్ కాలం ఎన్‌కోడర్‌ది, ఎఫెక్టులది. దీనికి మినహాయింపు ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి భారీ ఫైళ్లను ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్క్ మీదికే ఎక్స్‌పోర్ట్ చేయడం. ఒకే హెడ్ చదవాలి, రాయాలి. అవుట్‌పుట్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మారిస్తే తేడా మొదటి ఎక్స్‌పోర్ట్‌లోనే కనిపిస్తుంది.