సాలీడు విషం గురించి వినే మాటలు, ల్యాబ్‌లో చూసే నిజాలు

సాలీళ్ల విషం మీద పనిచేస్తానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది "మిమ్మల్ని ఎప్పుడైనా కరిచిందా?" అని. లేదు. ఆ తర్వాత వినిపించే మాటల గురించే ఇది.

అపోహ: ప్రతి సాలీడూ ప్రమాదమే.

దాదాపు అన్నిటికీ విషం ఉన్న మాట నిజం. యులోబొరిడే కుటుంబంలోని సాలీళ్లకు మాత్రం విషగ్రంథులు లేవు, అవి ఎరను దారంతో చుట్టి చుట్టి బిగించేస్తాయి. అయితే ఇప్పటిదాకా పేర్లు పెట్టిన 50,000 పైచిలుకు జాతుల్లో మనిషికి ముప్పు తెచ్చేవి బహు కొద్ది. ఆ విషం తయారైంది పురుగుల కోసం.

అపోహ: సాలీడు ఎంత పెద్దదైతే విషం అంత ఘోరం.

అరచేయంత టారంటులా కరిస్తే చాలావరకు నొప్పి, వాపుతో పోతుంది. అంతకన్నా చాలా చిన్నదైన ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఫన్నెల్-వెబ్ సాలీడు ప్రాణం తీయగలదు. అందులోనూ సన్నగా ఉండే మగదే ఎక్కువ ప్రమాదకరం. దాని విషంలోని డెల్టా-హెక్సాటాక్సిన్ అనే పదార్థం మన నాడుల్లోని సోడియం ఛానళ్లను, అంటే సోడియం లోపలికి వచ్చే ద్వారాలను, సరిగా మూసుకోనివ్వదు, తలుపు పడకుండా కాలు అడ్డం పెట్టినట్టు. నాడి ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. కండరాలు అదురుతాయి, చెమటలు పడతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ఆశ్చర్యం ఏమిటంటే కుక్కలు, పిల్లులు, కుందేళ్లు ఇదే విషాన్ని చాలావరకు తట్టుకుంటాయి. దెబ్బ తగిలేది మనకూ కోతులకూ. మనుషులు అడుగుపెట్టక ముందు ఆస్ట్రేలియాలో కోతిజాతి జీవులే లేవు, కాబట్టి మనం ఆ సాలీడు లెక్కలోనే లేం. జత కోసం గూడు వదిలి తిరిగే మగది వెన్నెముక ఉన్న శత్రువుల నుంచి కాపాడుకోవడానికే ఈ టాక్సిన్ పరిణమించిందని 2020లో వచ్చిన పరిశోధన వాదించింది. నాకూ అదే సబబుగా తోస్తుంది. 1981లో స్ట్రువాన్ సదర్లాండ్ బృందం విరుగుడు తెచ్చాక ఈ కాటుతో ఒక్క మరణమూ నమోదు కాలేదు.

అపోహ: విషం అంటే ఒకే ఒక్క రసాయనం.

ఫన్నెల్-వెబ్‌ను కాస్త కదిలిస్తే ముందుకాళ్లెత్తి, కోరలు చాచి నిలబడుతుంది. కోర చివర చిన్న బొట్టు మెరుస్తుంది. పిపెట్ మొన తాకించి దాన్ని లాగేస్తాం. నీరంతా తీసేస్తే ట్యూబ్ అడుగున తెల్లటి పొడి కనిపించీ కనిపించనట్టు మిగులుతుంది. అందులోంచి కాస్త కరిగించి, కలిసి ఉన్న పదార్థాలను విడదీసే క్రొమాటోగ్రఫీ యంత్రంలోకి ఎక్కిస్తే తెర మీద కొండల వరుసలా శిఖరాలు లేస్తాయి. ఒక్కో శిఖరం ఒక పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క), ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి. ఒకే జాతి విషంలో ఇవి వందల్లో ఉండొచ్చు. చాలావాటిలో మూడు గంధకపు బంధాలు ఒకదానిలోంచి ఒకటి దూరి ముడి వేసుకుంటాయి. ఆ ముడి వల్లే అవి వేడికీ, ప్రొటీన్లను కోసే ఎంజైములకూ అంత తేలిగ్గా లొంగవు. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ ముడి అందం నాకు పాతబడలేదు.

అపోహ: కారణం తెలియని పుండు పడితే సాలీడు కరిచినట్టే.

చాలాసార్లు అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. అమెరికాలోని కాన్సాస్‌లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో కాటుతో పుండ్లు పడతాయని పేరున్న బ్రౌన్ రెక్లూజ్ సాలీళ్లను 2,055 పట్టారు, ఆ ఇంట్లోవాళ్లను ఒక్కటీ కరవలేదు. కరవడం కళ్లారా చూడకపోతే నేరం సాలీడు మీద వేయకండి, డాక్టర్‌కు చూపించండి. అసలు జబ్బుకు మందు ఆలస్యమైతే నష్టం మీకే.

అపోహ: సాలీడు విషంతో మందులు వచ్చేశాయి.

ఇంకా రాలేదు. 2004లో అమెరికాలో అనుమతి పొందిన నొప్పి మందు జికోనోటైడ్ మూలం సముద్రపు నత్త. సాలీళ్ల వైపు నుంచి నేను ఆశగా చూస్తున్నది హెచ్‌ఐ1ఎ అనే పెప్టైడ్. మెదడుకు రక్తం ఆగితే అక్కడ ఆమ్లం పెరుగుతుంది. దాన్ని పసిగట్టి కణాన్ని చావుకు నెట్టే ఛానల్‌ను ఇది అడ్డుకుంటుంది. స్ట్రోక్ వచ్చిన 8 గంటలకు ఇచ్చినా ఎలుకల మెదడులో నష్టం తగ్గిందని 2017లో ప్రచురితమైంది. అయితే ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన స్ట్రోక్ మందులు చాలానే ఉన్నాయి, తొందరపడి ఎవరికీ మాట ఇవ్వలేం.

పొలానికి మాత్రం ఇప్పటికే చేరింది. ఫన్నెల్-వెబ్ పెప్టైడ్ ఆధారంగా తయారైన పురుగుమందుకు 2014లో అమెరికా అనుమతిచ్చింది. అది పురుగు నాడిని పడుతుంది, మన నాడిని పట్టదు. దాని కోసం సాలీళ్లను పిండాల్సిన పనీ లేదు, జన్యువును ఈస్ట్‌లో పెడితే అదే తయారుచేస్తుంది. మా ల్యాబ్‌లోనూ ఇప్పుడు సాలీళ్ల డబ్బాల కన్నా బ్యాక్టీరియా పెంచే ఫ్లాస్కులే ఎక్కువ.