ఓడ అడుగు నుంచి వచ్చిన నవ్వు

కావలిలో మా నాటిక రిహార్సల్‌కు వచ్చే ఒక కుర్రాడు పిచ్చివాడి వేషం వేస్తున్నాడు. స్టేజీ మీదికి వస్తూనే కళ్ళు పెద్దవి చేసి, భుజాలు ఎగరేసి గట్టిగా నవ్వుతాడు. పరిషత్తు పోటీల్లో ఏళ్ళ తరబడి చూస్తున్న నవ్వే అది. మొన్న టీ తాగే టైములో వాడికి ఫోన్‌లో 1931 నాటి ‘డ్రాక్యులా’ సినిమా కొంచెం చూపించాను. చూసినంతసేపూ మాట్లాడలేదు. తర్వాత, “ఎవరన్నా ఈయన? ఇంత బాగా చేసినాయన హీరో ఎందుకు కాలేదు?” అన్నాడు. ఆ జవాబు టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా చెప్పగలిగింది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను చూపించింది ఓడ సీను. తుఫానులో చిక్కిన ఓడ ఇంగ్లండు రేవుకు చేరుతుంది. అందులో మనుషులంతా చచ్చిపోయి ఉంటారు. అంతలో కింద నుంచి ఏదో శబ్దం. రేవు మనుషులు తలుపు తీసి చూస్తే, మెట్ల అడుగున ఒకడు రెండు చేతులూ చెరో పక్క ఆనించి, తల పైకెత్తి చూస్తుంటాడు. నోరు పెద్దగా తెరవడు. పళ్ళ సందుల్లోంచి ఊపిరి తోస్తున్నట్టు, నవ్వుకీ మూలుగుకీ మధ్య సాగదీసిన శబ్దం. ముఖంలో కళ్ళు తప్ప ఇంకేమీ కదలదు. వెనక సంగీతం లేదు. సినిమా మాటలు నేర్చిన కొత్త రోజులవి, మన ‘భక్త ప్రహ్లాద’కు ఏడాది ముందు మాట. టైటిల్స్ దాటాక ఈ సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు వినపడదు. ఆ నిశ్శబ్దంలో ఆ నవ్వు ఒక్కటే ఉంటుంది.

ఆ నటుడి పేరు డ్వైట్ ఫ్రై, పాత్ర పేరు రెన్‌ఫీల్డ్. రక్తపిశాచి డ్రాక్యులాగా వేసిన బేలా లుగోసీ పేరు లోకమంతా తెలుసు. ఫ్రై పేరు పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళకే తెలుసు.

రెన్‌ఫీల్డ్ 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలోనే ఉన్నాడు. అక్కడ అతనికి 59 ఏళ్ళు, పిచ్చాసుపత్రిలో ఉంటాడు. పంచదార వేసి ఈగలను పడతాడు. ఈగలను సాలీళ్ళకూ, సాలీళ్ళను పిచ్చుకలకూ మేపుతాడు. పిల్లిపిల్లను ఇమ్మంటే డాక్టర్ ఇవ్వడు. దాంతో ఆ పిచ్చుకలను తనే తినేస్తాడు. ప్రాణాలను మింగి ఆయుష్షు పెంచుకోవాలని అతని తపన. 1924లో ఇంగ్లండులో ఈ కథ నాటకమైంది, 1927లో న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేకి వెళ్ళింది. స్టేజీ మీద బెర్నార్డ్ జూక్స్ అనే నటుడు ఈ వేషంతో పేరు తెచ్చుకున్నాడు.

సినిమాకు వచ్చేసరికి చేసిన మార్పు ఒకటుంది. ఈ వేషం గొప్పదనమంతా అక్కడే ఉందని నా నమ్మకం. నవలలో ట్రాన్సిల్వేనియాలోని డ్రాక్యులా కోటకు వెళ్ళేది జొనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు. సినిమాలో ఆ ప్రయాణం రెన్‌ఫీల్డ్‌కు ఇచ్చారు. దాంతో మనకు మొదట కనపడేది పిచ్చివాడు కాదు. టోపీ, చేతికర్ర, మర్యాదగా మాట్లాడే తీరు, కాగితాల మీద సంతకాలు చేయించుకుని వెళ్దామని వచ్చిన చక్కటి ఉద్యోగస్థుడు. దారిలో సత్రం ఆవిడ భయపడి అతని మెడలో శిలువ వేస్తే, కాదనలేక ఉంచుకుంటాడు. కోటలో కాగితాలకు పెట్టిన క్లిప్పు గుచ్చుకుని వేలి మీద రక్తపు చుక్క వస్తుంది. డ్రాక్యులా ముందుకు రాబోతాడు. అంతలో శిలువ జారి ఆ చేతి మీద పడేసరికి ఆగిపోతాడు. రెన్‌ఫీల్డ్‌కు ఇదేమీ అర్థం కాదు, వేలు చప్పరించుకుంటాడు. ఆ తర్వాత డ్రాక్యులా చేతికి చిక్కి పిచ్చివాడైపోతాడు. ఇంత మామూలు మనిషిని చూసి ఉన్నాం కనుకనే ఓడ అడుగున అదే ముఖాన్ని అలా చూసినప్పుడు మనకు గుండె కలుక్కుమంటుంది.

ఫ్రై 1899లో కాన్సాస్ రాష్ట్రంలోని సలైనాలో పుట్టాడు. బ్రాడ్‌వేలో హాస్యం సహా అన్ని రకాల వేషాలూ వేశాడు. ‘డ్రాక్యులా’ వచ్చిన ఏడాదే అదే యూనివర్సల్ కంపెనీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో గూని సహాయకుడు ఫ్రిట్జ్ వేషం ఇచ్చింది. అదీ బ్రహ్మాండంగా చేశాడు. ఇక అంతే, పిచ్చివాడు కావాలన్నా గూనివాడు కావాలన్నా ఫ్రైని పిలవమన్నారు. పోనుపోను వేషాలు చిన్నవయ్యాయి. 1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో అతను చేసిన దానిలో చాలా భాగం ఎడిటింగ్‌లో పోయింది.

నెల్లూరు వాళ్ళకు ఇది తెలియని బాధ కాదు. ఇక్కడ నాటకాలాడి మద్రాసు వెళ్ళిన రాజనాల 1953లో ‘ప్రతిజ్ఞ’తో విలన్ అయ్యారు. మళ్ళీ ఆయన్ను ఆ కుర్చీలోంచి లేవనిచ్చిన వాళ్ళు తక్కువ. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేసి వెళ్ళిన రమణారెడ్డిని చూడగానే నవ్వాలని జనం ముందే సిద్ధమయ్యేవాళ్ళు. ఎంత ప్రేమతో చూసినా అదీ ఒక గీతే.

యుద్ధకాలంలో ఫ్రై రాత్రిళ్ళు విమానాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ‘విల్సన్’ అనే పెద్ద సినిమాలో అమెరికా యుద్ధమంత్రి వేషం ఖాయమైంది. పిచ్చీ గూనీ లేని, కోటు వేసుకున్న మనిషి వేషం. అది మొదలు కాకుండానే 1943 నవంబర్ 7న బస్సులో గుండెపోటుతో కూలిపోయాడు. అప్పటికి 44 ఏళ్ళు. మరణ పత్రంలో వృత్తి దగ్గర టూల్ డిజైనర్ అని రాశారు.

ఇదంతా విన్నాక మా కుర్రాడు స్క్రిప్టు తెచ్చి నా ముందు పెట్టాడు. పిచ్చి పట్టక ముందు ఆ పాత్ర బడిపంతులుగా కనపడే చిన్న సీను ఒకటి ఉండేది. పోటీ టైముకు సరిపోదని మేమే కొట్టేశాం. “మూడు నిమిషాలేగదన్నా” అన్నాడు. ఈ వారం నుంచి ఆ సీనుతోనే రిహార్సల్ మొదలుపెడుతున్నాం.