దసరా వెళ్లాక ఇల్లు, పెరడు: బెజవాడ, గుంటూరు ఇళ్లలో నేను వినే అపోహలు, చూసే వాస్తవాలు

నవరాత్రులు ముగిసి ఇంద్రకీలాద్రి దగ్గర రద్దీ తగ్గగానే నా ఫోను మోగడం మొదలవుతుంది. విజయవాడ, గుంటూరు, మంగళగిరి పరిసరాల్లోని ఇళ్లకు మరమ్మతులు చేయించడం, పెరడు వేసి పెట్టడం నా వృత్తి. సంక్రాంతి లోపు ఇల్లు కొత్తగా కనిపించాలని అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. అయితే చాలామంది వీడియోల్లో చూసి వచ్చే సలహాలు చలిదేశాల శరత్తుకు చెప్పినవి. అక్కడ ఆ కాలంలో ఆకులు రాలిపోతాయి, నేల గడ్డకట్టే లోపు తోటపని ముగించాలి. మన వేపచెట్టు ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. మన శరత్తు రెండు వానల నడుమ దొరికే చిన్న తెరిపి మాత్రమే. అందుకే ఈ రెండు నెలల్లో ఏ పని తలపెట్టినా, నీరు ఎక్కడ నిలుస్తోంది, ఎటు పోతోంది అన్న ప్రశ్నతోనే నేను మొదలుపెడతాను.

అపోహ: దసరాతో వానలు అయిపోయాయి, ఇక నిశ్చింతగా రంగులు వేయించుకోవచ్చు.

వాస్తవం: నైరుతి ఋతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా తప్పుకుంటాయి గాని, వాటి వెనుకే ఈశాన్య ఋతుపవనాలు, వాయుగుండాలు వస్తాయి. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. కాబట్టి అక్టోబరులో మనం చేయవలసిన మొదటి పని డాబా మీదికెక్కి, వాననీటి గొట్టాల నోళ్లలో ఇరుక్కున్న ఆకులు, సిమెంటు పెళ్లలు తీసి, బకెట్టు నీళ్లు పోసి అవి ఎంత వేగంగా దిగుతున్నాయో చూడటం. నీరు మడుగు కట్టే చోట వాలు సరిచేయకుండా పైన ఎంత ఖరీదైన పూత పూసినా అది ఎక్కువ కాలం నిలవదు.

గోడల సంగతి ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీట మునిగిన తరువాత, గోడ చేతికి పొడిగా తగులుతోంది కదా అని తొందరపడి రంగులు వేయించుకున్నవారిని చూశాను. ఇటుక పీల్చుకున్న నీరు వెనక్కి రావడానికి నెలలు పడుతుంది, వచ్చేటప్పుడు లోపలి లవణాలను తెల్లని పొడిలా పైకి తెస్తుంది, దానితో రంగు పొక్కులు కట్టి ఊడిపోతుంది. ఈ పొరపాటు వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ చేశాను. ఒక ఇంటి పడమటి గోడకు కార్తీకంలో వేయించిన రంగు సంక్రాంతి ముగ్గులనాటికి పెచ్చులుగా రాలితే, నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను. అప్పటినుంచి ఒక చిన్న పరీక్ష చేయకుండా డబ్బా మూత తీయనివ్వను. జానెడు చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు గాలి చొరబడకుండా అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటి బిందువులు పట్టాయంటే చెమ్మ లోపలినుంచి వస్తోందని అర్థం, అప్పుడు రంగు ఆపవలసిందే. గదివైపు పట్టాయంటే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలు.

అపోహ: ఇంటి ముందు అందంగా ఉండాలంటే పచ్చిక తప్పదు.

వాస్తవం: కడియం నర్సరీలనుంచి చాపల్లా చుట్టి తెచ్చే పచ్చిక పరిచిన రోజున కళ్లకు ఎంత ఇంపుగా ఉంటుందో నాకు తెలుసు, పరిచేది నేనే కదా. కాని పరిచే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక లెక్క చెబుతాను. 300 చదరపు అడుగుల పచ్చికంటే దాదాపు 28 చదరపు మీటర్లు. మన ఎండాకాలంలో దానికి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఇవ్వాలనుకుంటే 140 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు ఏడు. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో ఆ ఏడు బకెట్లు ఎవరు పోస్తారు? ఇక మామిడిచెట్టు కింద, రెండు మేడల నడుమ సందులో పచ్చిక అడగడం మరీ సాధారణం. మన గరిక అయినా, కొరియన్ గ్రాస్ అయినా ఎండ కోరే జాతులే. నీడలో అవి పలచబడి, ఒక ఏడాదిలో మట్టి తేలుతుంది.

నీడపట్టున మోండో గ్రాస్ పేరుతో అమ్మే ముదురాకుపచ్చ కుదుళ్లను జానెడు ఎడంతో నాటి, నడిచే దారిలో పల్నాడు నాపరాళ్లను ఇసుక పరుపు మీద సందులు వదిలి వేస్తాను. సందుల్లోంచి వాన నీరు నేలలోకి దిగుతుంది, కాళ్లకు బురద అంటదు. ఎండ బాగా తగిలే చోట, ఎవరూ పెద్దగా నడవనిదైతే, పసుపు పూలు పూసే వేరుశనగ జాతి పాకుడు మొక్క చక్కగా పరుచుకుంటుంది. అది చిక్కుడు కుటుంబానికి చెందినది కాబట్టి వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి, కోత యంత్రం అవసరం ఉండదు. పిల్లలు రోజూ పరుగులు తీసే చోటికి మాత్రం అది పనికిరాదు. అక్కడ ఎండ ఉంటే గరికనే నమ్ముతాను, తొక్కినా మళ్లీ లేస్తుంది.

అలాంటిదే ఇంకో పసుపు పూల తీగ ఉంది, వెడీలియా. చవకగా దొరుకుతుంది, నీళ్లు పోయకపోయినా పెరుగుతుంది, అందుకే చాలామంది అడుగుతారు. నేను నాటను. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొక్క అది. కత్తిరించి పారేసిన ముక్క కాలువగట్టున పడితే అక్కడే కణుపు కణుపుకూ వేరు వేసి, స్థానికమైన గడ్డిని, మూలికలను కప్పేస్తుంది. కృష్ణా కాలువలు ఊరి నడుమనుంచి పారే విజయవాడలో ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు.

ప్లాస్టిక్ పచ్చిక గురించి ఒక్క మాట చెబుతాను. నీడ ఉన్న బాల్కనీలో అది మీ ఇష్టం. ఎండ పడే డాబా మీద మాత్రం మధ్యాహ్నం పాదం మోపలేనంతగా కాలుతుంది, కింద తడి నిలిచి నాచు పడుతుంది.

అపోహ: నల్లరేగడిలో ఇసుక కలిపితే గుల్లబారుతుంది.

వాస్తవం: రెండు తట్టల ఇసుక కలిపితే బంకమట్టి సందుల్లోకి ఇసుక చేరి, ఎండాక గచ్చులా బిగుస్తుంది. మాగిన పశువుల ఎరువు, ఆకు కంపోస్టు ఏటేటా వేయడమే దారి. తడి రేగడిని తొక్కడం కూడా మానాలి. వాన వెలిసిన మర్నాడే పార పట్టే ఉత్సాహం మంచిదే గాని, ఆ మట్టి పిడికిట పట్టి విడిస్తే ముద్దగా ఉండిపోకుండా పొడిపొడిగా విడేవరకు ఆగండి.

అపోహ: ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు వృథా కాకుండా మొక్కలకు పోస్తే మంచిది.

వాస్తవం: నీరు వృథా చేయకూడదన్న ఆలోచనను నేను మనసారా గౌరవిస్తాను. అయితే యంత్రం తాగే నీటినుంచి వేరుచేసిన లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ వదిలిన నీటిలోనే. గుంటూరులో ఒక ఇంట్లో కరివేపాకు మొక్క ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, కొసలనుంచి మాడిపోతుంటే, తెగులు మందు రెండుసార్లు కొట్టించారు. నేను వెళ్లి కుండీ మట్టి చూస్తే పైన తెల్లని పొర కట్టి ఉంది. వంటింటి గొట్టం తిన్నగా ఆ కుండీలోకే వస్తోంది. గొట్టం మళ్లించి, కుండీ అడుగు రంధ్రం నుంచి ధారగా కారేలా మంచినీళ్లు మూడు నాలుగు సార్లు పోయించాక కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. నీరు సులువుగా ఇంకని నల్లరేగడిలో ఈ బెడద ఇంకా ఎక్కువ. ఆ నీటిని ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి.

అసలు ఆర్‌ఓ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. మీ ఇంటికి వచ్చే నీరు ఆ లోపే ఉండి, ఫ్లోరైడు, నైట్రేటు వంటివి లేవని పరీక్షలో తేలితే, సూక్ష్మజీవులను తొలగించే సాధారణ శుద్ధియంత్రం సరిపోతుంది.

అపోహ: అయిదు నక్షత్రాలు ఉన్న ఫ్రిజ్ కొంటే కరెంటు గురించి ఆలోచించనక్కరలేదు.

వాస్తవం: దసరా, దీపావళి తగ్గింపు ధరల్లో ఎక్కువగా కొనేది ఫ్రిజ్‌లే. నక్షత్రాల ప్రమాణాలను ఎప్పటికప్పుడు బిగిస్తూ ఉంటారు కాబట్టి, పాత లేబుల్ మీది అయిదు నక్షత్రాలు, కొత్త లేబుల్ మీది అయిదు నక్షత్రాలు ఒకటి కావు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతుందో అంకెల్లో ఉంటుంది, పోల్చవలసింది దానిని. ఆ తరువాత దానిని ఎక్కడ పెడుతున్నారన్నది చూడాలి. పొయ్యి పక్కన, పడమటి ఎండ కాసే గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్ తనలోని వేడిని బయటికి వదలలేక మోటారును ఆగకుండా తిప్పుతుంది. వెనుక, పక్కల తయారీదారు చెప్పినంత ఖాళీ వదలండి. తలుపు రబ్బరులో ఒక నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు మార్చే వేళ వచ్చినట్టే.

ఈ కాలంలో ఫ్రిజ్ వెనుకకు తప్పక చూడమని అందరినీ బతిమాలి చెబుతాను. కొన్ని ఫ్రిజ్‌లకు వెనుక కింది భాగాన నీరు చేరే చిన్న పళ్లెం ఉంటుంది. డెంగీని మోసే దోమ అలాంటి తేట నీరు నిలిచే చోటే, నీటి అంచున గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. పెరట్లో కొబ్బరి చిప్పలు, కుండీల కింది పళ్లేలు అన్నీ బోర్లించి, నేల అద్దంలా ఉంచుకున్న ఒక ఇంట్లో, ఈ పళ్లెంలో లార్వాలు కదలాడటం టార్చి వెలుగులో ఇంటివారికి చూపించాను. వారానికొకసారి దానిని బయటికి తీసి, నీరు పారబోసి, అంచులు రుద్ది కడగాలి, ఎందుకంటే గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి.

అపోహ: తనంతట తాను శుభ్రపరచుకునే చిమ్నీకి ఏ పనీ చేయనక్కరలేదు.

వాస్తవం: ఆ యంత్రం చేసేది లోపలి జిడ్డును వేడితో కరిగించి ఒక గిన్నెలోకి దించడం. ఆ గిన్నెను పారబోయవలసింది మనమే, గొట్టంలో పేరుకున్న జిడ్డు సంగతి చూడవలసిందీ మనమే. ఎండుమిరప తాళింపు ఘాటు ఇల్లంతా కమ్ముతోందంటే మోటారు బలం చాలలేదని అనుకుంటారు. నేను చూసిన చోట్ల చాలావరకు గొట్టానికి మూడు నాలుగు మెలికలుండటమో, లోపలికి గాలి వచ్చే దారి లేకుండా కిటికీలన్నీ మూసి ఉండటమో కారణం. గొట్టం లేకుండా బొగ్గు జల్లెడతో పనిచేసే రకం వాసనను కొంత తగ్గిస్తుంది గాని, వేడిని, ఆవిరిని బయటికి పంపలేదు.

అపోహ: ఇండక్షన్ పొయ్యిని ఏ ప్లగ్గులో పెట్టినా పనిచేస్తుంది.

వాస్తవం: 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టుకునే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన మందం వైరు వేయించిన తరువాతే పొయ్యి కొనండి. అదే రోజున గ్యాసు గొట్టం మీద ముద్రించిన తేదీ చూడండి. సురక్షా గొట్టమైనా అయిదేళ్లకు మార్చవలసిందే.

అపోహ: తుఫాను గాలులు వస్తాయి కాబట్టి పెరటి చెట్లన్నీ ఇప్పుడే కొట్టించాలి.

వాస్తవం: మునగ కొమ్మ పెళుసు, ఇంటి మీదికి వాలిన కొమ్మలు తీయించడం మంచిదే. ఎండిన కొమ్మ ఏ చెట్టుదైనా తీయించండి. కాని మామిడి రాబోయే పూత కోసం రెమ్మలను ముదర బెట్టుకుంటున్న కాలం ఇది. ఇప్పుడు గుండు కొట్టిస్తే ఆ కొమ్మలకు ఈసారి కాయ ఉండదు. దాని కత్తిరింపు కాయ కోత అయిన వెంటనే చేయాలి.

అపోహ: చామంతి మొగ్గ తొడగకపోతే ఎరువు చాలలేదని అర్థం.

వాస్తవం: చామంతి పగలు కురచబడి, రాత్రులు పొడవైనప్పుడు మొగ్గ తొడుగుతుంది. దానికి కావలసింది ఎడతెగని చీకటి. పటమటలో ఒక ఇంటి వరండాలో ఒకే రోజు, ఒకే మట్టితో పెట్టిన కుండీలలో గేటు వైపున్న మూడు మాత్రం ఏపుగా ఆకులు వేసి ఊరుకున్నాయి. ఆ ఇంటి అమ్మగారు వాటికి రెట్టింపు ఎరువు వేస్తున్నారు. సాయంత్రం దాకా ఉండి చూస్తే, గేటు మీది దీపం తెల్లవార్లూ ఆ మూడింటి మీదే పడుతోంది. ఎరువు ఆపమని, కుండీలను పెరటివైపు చీకట్లోకి జరపమని చెప్పి వచ్చాను. కొన్ని వారాలకు ఆవిడ ఫోను చేసి, మూడింటికీ కొసల్లో మొగ్గలు కనిపిస్తున్నాయని చెప్పారు.