ఎక్స్‌ఆర్‌డీ పీకులు: అపోహలు - వాస్తవాలు

స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపి, అవి ఏ కోణాల్లో బలంగా చెదురుతాయో చూసే పద్ధతి ఎక్స్‌ఆర్‌డీ. ఆ కోణాల దగ్గర గ్రాఫ్‌లో లేచే శిఖరాలే పీకులు.

అపోహ: రెసిప్రోకల్ లాటిస్ (స్ఫటికంలోని ఒక్కో సమాంతర తలాల గుంపుకు ఒక్కో చుక్క పెట్టి గీసే జాలకం) కాగితం మీది లెక్క. పరీక్ష అయిపోతే దానితో పని లేదు.

వాస్తవం: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఏక స్ఫటికం వివర్తన చిత్రం తీస్తే తెర మీద వరుసలుగా పడే చుక్కలు దాదాపుగా రెసిప్రోకల్ లాటిస్‌లో ఒక తలమే. మనం కొలిచేది దాన్నే. అసలు లాటిస్‌ను, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అమరికను, అక్కడి నుంచి లెక్కగట్టుకుంటాం.

అపోహ: పీక్ రాలేదంటే ఆ తలాలు లేనట్టే.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ఇక్కడివే. సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ రెండిటిదీ ఒకే అమరిక. రాగి ట్యూబుతో, అంటే 1.54 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎక్స్‌రేలతో, సోడియం క్లోరైడ్‌ను స్కాన్ చేస్తే టూ-థీటా (కిరణం దారి మళ్లిన కోణం) 27.4 డిగ్రీల దగ్గర 111 పీక్ వస్తుంది, చిన్నదే అయినా. 111 అన్నది ఒక తలాల గుంపు పేరు. పొటాషియం క్లోరైడ్‌లో అది 24.5 దగ్గర రావాలి. ఎంతసేపు స్కాన్ చేసినా దాదాపు ఏమీ కనిపించదు.

తలాలు మాత్రం ఉన్నాయి. 111 దిశలో ఒక పొరంతా పొటాషియం, రెండు పొటాషియం పొరలకు సరిగ్గా నడిమధ్య క్లోరిన్ పొర. వీటి నుంచి వచ్చే తరంగాలు ఒకదానికొకటి ఎదురు. ఎక్స్‌రేలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. పొటాషియం అయాన్‌లో 18, క్లోరైడ్‌లోనూ 18. చెల్లుకు చెల్లు. సోడియం అయాన్‌లో 10 మాత్రమే కాబట్టి అక్కడ కొంత మిగులుతుంది. ఇది గమనించకపోతే పొటాషియం క్లోరైడ్‌ను సగం భుజమున్న సింపుల్ క్యూబిక్‌గా (మూలల్లో మాత్రమే అణువులున్న ఘనంగా) ఇండెక్స్ చేసేస్తాం, అంటే పీకులకు ఆ లెక్కన తలాల పేర్లు పెట్టేస్తాం. పీక్ ఎక్కడ రావాలో యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె) చెబుతుంది. వస్తుందా, వస్తే ఎంత ఎత్తు అన్నది లోపలి పరమాణువులు తేలుస్తాయి.

అపోహ: మిశ్రమంలో ఎవరి పీక్ ఎత్తుగా ఉంటే ఆ పదార్థమే ఎక్కువ.

వాస్తవం: భారీ మూలకాలున్న పదార్థం కొంచెమే ఉన్నా పెద్ద పీకులు ఇవ్వగలదు. పైగా మైకా లాంటి పలకల పొడిని హోల్డర్‌లో గాజు స్లైడుతో నొక్కి చదును చేశారనుకోండి, రేణువులన్నీ వెల్లకిలా పడుకుంటాయి. 00ఎల్ పీకులు (పలకలకు సమాంతరంగా ఉన్న తలాలవి) విపరీతంగా పెరిగి మిగతావి కుంగిపోతాయి. పొడిని పక్క నుంచి నింపితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

అపోహ: పీక్ వెడల్పైతే నానో కణాలే.

వాస్తవం: పీక్ వెడల్పు నుంచి కణం సైజు లెక్కగట్టే షెరర్ సూత్రం అందరి నోటా ఉంది, మెషీన్ సొంత వెడల్పును తీసేసేవాళ్లు తక్కువ. లోపలి స్ట్రెయిన్ (తలాల మధ్య దూరాల్లో వచ్చే హెచ్చుతగ్గులు) కూడా పీకును వెడల్పు చేస్తుంది. కోణం (థీటా, అంటే టూ-థీటాలో సగం) పెరిగేకొద్దీ స్ట్రెయిన్ ప్రభావం టాన్ థీటాతో, సైజు ప్రభావం 1/కాస్ థీటాతో పెరుగుతాయి. కాబట్టి ఒక్క పీకుతో సైజు చెప్పేయకుండా, ముందు మెషీన్ వెడల్పు తెలియడానికి ఒక స్టాండర్డ్ శాంపిల్ రన్ చేసి, తర్వాత నాలుగైదు పీకులైనా చూడండి.